మార్లవాయిలో ఒక గడ్డి ఇల్లు

రాతి గోడలు, ఎర్ర పెంకుల కప్పు, కిటికీ మీదికి పాకిన ద్రాక్ష తీగ, చుట్టూ కనుచూపు మేర పచ్చిక. ఫ్రాన్సు పల్లెల్లో ఇలాంటి పాత ఇల్లొకటి వారం రోజులకు అద్దెకు తీసుకుని ఉండి రావడం ఇప్పుడు మనవాళ్లకు కూడా అలవాటవుతోంది. పిల్లలు ఉద్యోగాలకని ఆ దేశాలు వెళ్లాక, అమ్మానాన్నల్ని పిలిపించుకుని చూపించే వింతల్లో ఈఫెల్ టవరు తరువాతి వరస దీనిదే. వెళ్లొచ్చిన ఆవిడ ఎవరైనా సరే, మొదట చెప్పే మాట ఒకటే. "ఎంత నిశ్శబ్దమనుకున్నావు వదినా! చెవుల్లో దూది పెట్టుకున్నట్టే!" వంటిల్లు ఎలా ఉంది, అంట్లు ఎవరు తోమారు అనేవి ఆ తరువాత మనం అడిగి రాబట్టుకోవలసిన సంగతులు.

ఆ ఇళ్లకు కాస్త చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఫ్రాన్సులో పడుచువాళ్లంతా పట్నాల దారి పట్టారు. తాతల నాటి రాతి ఇళ్లు తాళాలు పడి, కప్పులు కుంగిపోతున్నాయి. ఎమీల్ ఒబేర్ అనే సెనేటరు గారికి ఒక ఆలోచన తట్టింది. ఆ ఇళ్లను బాగు చేయించి, సెలవులకు వచ్చే పట్నవాసులకు అద్దెకిస్తే రైతుకు నాలుగు డబ్బులు వస్తాయి, ఇల్లూ నిలబడుతుంది కదా అని. 1951లో ఆల్ప్స్ కొండల వైపు మొదటి ఇల్లు తెరిచారు. 1955కల్లా అది దేశమంతటికీ ఒక సమాఖ్య అయింది. ఆ ఇంటిని వాళ్లు 'జీత్' అంటారు. మన చెవికి జీతంలా వినపడుతుంది. రైతుకు అదీ ఒక జీతమే అనుకోండి, పేరు బాగానే కుదిరింది.

అయితే ఆ నిశ్శబ్దం ఊరికే వచ్చింది కాదు. ఉండవలసిన మనుషులు ఊరు విడిచి వెళ్లిపోయాక మిగిలింది. అతిథికి హాయిగా తోచే నిశ్శబ్దం వెనక ఆ ఊరివాళ్ల కథ ఒకటి ఉంటుందన్నమాట. నాలుగు రోజులుండి పోయేవాళ్లకు అది తెలిసే అవకాశం తక్కువ. ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు మా జిల్లాలోని ఒక పల్లె గుర్తొస్తుంది. అక్కడా ఐరోపా నుంచి వచ్చిన దంపతులిద్దరు ఒక ఇల్లు వేసుకుని ఉన్నారు. రాతి ఇల్లు కాదు, గడ్డి ఇల్లు. వాళ్లున్నది ఒక వారమూ కాదు.

ఆ పల్లె పేరు మార్లవాయి. మా కాగజ్‌నగర్ నుంచి ఆసిఫాబాద్ మీదుగా కెరమెరి ఘాటు ఎక్కి వెళ్లాలి. ఇప్పుడది జైనూరు మండలంలో ఉంది. ఊరూ మాదీ ఒకే జిల్లా, కుమురం భీం ఆసిఫాబాద్. 2016 దాకా అంతా ఆదిలాబాద్ జిల్లాయే. కాగజ్‌నగర్ అంటే మీకు కాగితం మిల్లు తెలుసు. కొత్తపేట అనే చిన్న ఊరు, మిల్లు వచ్చాక కాగజ్‌నగర్ అయింది. సిర్పూరు పేపరు మిల్లు కంపెనీ 1938లో ఏర్పడితే 1942లో కాగితం తీయడం మొదలైంది. ఆ కాగితానికి కావలసిన వెదురు ఈ చుట్టుపక్కల అడవుల్లోదే. సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే వెదురుతో తడికె అల్లి, పైన మట్టి మెత్తి, గడ్డి కప్పి, మార్లవాయిలో ఆ దంపతుల ఇల్లు లేచింది. ఊళ్లోని గోండుల ఇళ్ల తీరే దానిదీ.

ఆయన పేరు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. నోరు తిరగదు కదూ? మా వైపు అందరూ హైమన్‌డార్ఫ్ అనే అంటారు. 1909లో ఆస్ట్రియాలోని వియన్నాలో పుట్టాడు. మనుషుల ఆచార వ్యవహారాలను శాస్త్రంగా చదువుకున్నాడు. 1936లో నాగా కొండలకొచ్చి ఏడాది పాటు అక్కడి కొన్యాక్ నాగాల మధ్య ఉన్నాడు. 1938లో పెళ్లి. ఆవిడ ఇంగ్లీషు అమ్మాయి, పేరు ఎలిజబెత్ బర్నార్డో. ఇంట్లో పిలిచే పేరు బెట్టీ. 1939లో ఇద్దరూ ఇండియా వచ్చారు, వచ్చిన ఏడాదే యుద్ధం మొదలైంది.

ఇక్కడొచ్చింది చిక్కు. 1938లో హిట్లరు ఆస్ట్రియాను కలుపుకోవడంతో హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మనీ పాసుపోర్టు. అంటే తెల్లవారేసరికి ఆయన ఇంగ్లీషువాళ్లకు శత్రుదేశస్థుడైపోయాడు. భార్యేమో ఇంగ్లీషు మనిషి! అలాంటివాళ్లను మామూలుగా అయితే శిబిరాల్లో పెట్టేవారు. తెలిసిన అధికారులు అడ్డుపడి, నైజాం రాజ్యం దాటి వెళ్లకూడదన్న షరతుతో ఆయన్ను హైదరాబాదు సంస్థానంలో ఉండనిచ్చారు. ఆ సంస్థానంలోనే ఆయన 1940లో నల్లమలలో చెంచుల మధ్య, ఆ తరువాత గోదావరి ఒడ్డున కొండరెడ్ల మధ్య తిరిగాడు. 1941లో ఆదిలాబాదు కొండల్లోకి వచ్చాడు. పల్లెలో ప్రశాంతంగా గడుపుదామని వచ్చినవాడు కాదు, బయటికి పోయే దారి లేక లోపలికి వచ్చినవాడు.

మరి సర్కారువారు ఆదిలాబాదుకే ఎందుకు రానిచ్చారు? 1940లో జోడేఘాట్ కొండ మీద కుమురం భీంను, అతని వెంట నిలిచినవాళ్లను నిజాం పోలీసులు కాల్చి చంపారు. అడవిలో రిజర్వు గీతలు గీసి ఊళ్లను ఖాళీ చేయించడం, మేతకు పన్ను, కట్టెకు పన్ను, ఏళ్ల తరబడి దున్నుకున్న భూమి మరొకరి పేరున పట్టా కావడం, ఇవన్నీ కలిసి మండిన మంట అది. మంట ఆరాక సర్కారుకు సందేహం పుట్టింది, ఈ గోండులు ఎందుకు తిరగబడ్డారు అని. ఆ సంగతి తేల్చే పని హైమన్‌డార్ఫ్ మీద పడింది. అందుకే ఈ కథలో ఆయన్ను ముందు నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. మార్లవాయి ఇంటికి పునాది జోడేఘాట్‌లో పడింది. భీం ప్రాణం పోకపోతే ఆ ఇల్లు లేదు.

కాబట్టి వీళ్లు దిగేనాటికి ఆ కొండపల్లెల్లో ఉన్న నిశ్శబ్దం భయంతో వచ్చింది. కొత్త మనిషి కనబడితే, అందులోనూ సర్కారు మనిషి అంటే, ఎవరు నోరు విప్పుతారు? నాలుగు ప్రశ్నలడిగి రాసుకుని సాయంత్రానికి డాకుబంగళాకు పోయే దొరకు ఏం చెబుతారు? ఉండాలి. వానాకాలం బురదలో, ఎండాకాలం నీళ్ల కరువులో, చలిజ్వరాల రోజుల్లో వాళ్లతోపాటు ఉండాలి. అందుకే ఇల్లు.

ఆ ఇంట్లో బెట్టీ సంసారం ఎలా చేసి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. కెరమెరి ఘాటు మీద అప్పుడు మోటారు బస్సులెక్కడివి? ఎడ్లబండే గతి. వాన పడి వాగు పొంగితే అదీ లేదు. కొండల మీద పండేది జొన్న. జొన్న గట్క, జొన్న రొట్టె, పప్పు, అడవిలో దొరికే ఆకూ దుంపా, ఇదీ అక్కడి తిండి. ఆ అడవులు మలేరియాకు పేరుపడ్డవి. బయటినుంచి బదిలీ మీద వచ్చే ఉద్యోగులు ఎప్పుడు తిరుగు బదిలీ అవుతుందా అని రోజులు లెక్కపెట్టుకునే ప్రాంతం. అలాంటి చోట మట్టి ఇంట్లో ఉండడమంటే ఏమిటో మట్టి ఇల్లు అలికిన చేతులకే తెలుస్తుంది.

రాతి ఇంటిని నూరేళ్లకోసారి బాగు చేయిస్తే చాలు, అదో వేడుకగా చెప్పుకుంటారు. మట్టి ఇల్లు అలా కాదు. వారానికోసారి పేడతో అలకాలి. వాన వెలిశాక పెచ్చులూడిన గోడకు మళ్లీ మట్టి మెత్తాలి. గడ్డి కుళ్లితే కప్పు మార్చాలి. పండగ ముందు గోడలకు సున్నమో, ఎర్రమట్టో. ఇల్లు నిలబెట్టే ఈ పని ఏ దేశ చరిత్రలోనూ ఎక్కలేదు, ఎందుకంటే చేసింది ఆడవాళ్లు. గోండు ఇళ్లలో మట్టి గోడల నునుపు చూస్తే, రాత్రిపూట దీపం వెలుగు జారిపోతుందా అనిపిస్తుంది.

ఇంతకీ ఆ ఇంట్లో జరిగిన పనేమిటి? మొదట వినడం. గోండులకు పర్ధానులనే గాయకులున్నారు. కిక్రి అనే తంత్రీవాద్యం మీద వంశాల కథలు పాడుతూ చెప్పడం వాళ్ల వృత్తి. నలుగురన్నదమ్ముల వంశం, అయిదుగురిది, ఆరుగురిది, ఏడుగురిది అని గోండులు నాలుగు శాఖలు. ఎవరు ఎవరికి పిల్లనివ్వవచ్చో, ఎవరి దేవుడు ఎక్కడున్నాడో అంతా ఆ లెక్క మీదనే నడుస్తుంది. ఆ కథలన్నీ పర్ధానుల నోటనే ఉన్నాయి తప్ప కాగితం మీద లేవు. హైమన్‌డార్ఫ్ వాటిని రాసుకున్నాడు. ఆదిలాబాద్ రాజగోండుల మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది. మనం మన పెళ్లి పాటలు, అమ్మమ్మ నోటి కథలు ఎవరూ రాసిపెట్టకపోతే పోయాయని ఇప్పుడు బాధపడుతున్నాం చూడండి, వాళ్లవి కొన్నయినా ఆ ఇంట్లో కాగితానికెక్కాయి.

కథలు వింటూ వింటూ ఉండగా భూమి సంగతులు బయటపడ్డాయి. గోండు దున్నేది చాలాచోట్ల 'శివాయి జమాబందీ' భూమి. అంటే శిస్తు కడతాడు, దున్నుకుంటాడు, కానీ హక్కు కాగితం ఉండదు. తాత దున్నాడు, తండ్రి దున్నాడు, నేను దున్నుతున్నాను, ఇంకా కాగితమెందుకు అనేది అతని అమాయకత్వం. కాగితం విలువ తెలిసినవాడు మైదానం నుంచి వచ్చి, పట్వారీని పట్టుకుని, ఆ భూమిని తన పేరున రాయించుకునేవాడు. ఆ పైన అదే భూమిలో గోండు కౌలుదారో, పాలేరో. అడవిలో వెదురు కొట్టుకుపోయి మా ఊళ్లో కాగితం చేస్తున్నారు, ఆ అడవి మనిషికి మాత్రం తన పొలం మీద చెల్లే కాగితం ముక్క లేదు. కాగజ్‌నగర్‌లో ఉంటున్నదాన్ని కాబట్టి నాకిది మరీ పట్టి బాధిస్తుంది.

అప్పట్లో హైదరాబాదులో రెవెన్యూ వ్యవహారాలు చూసే గ్రిగ్సన్ అనే ఇంగ్లీషు అధికారి, బస్తరులోని గోండుల మీద 1938లోనే పుస్తకం రాసినవాడు. హైమన్‌డార్ఫ్ రాసి పంపిన సంగతులు అర్థం చేసుకునే మనిషి పై కుర్చీలో ఉండడం అదృష్టమనుకోవాలి. 1945లో హైమన్‌డార్ఫ్‌ను నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా వేశారు. లావణి పట్టాలు పంచడం సాగింది. వేలాది గిరిజన కుటుంబాలకు లక్ష ఎకరాలకు పైగా భూమి కాగితం మీద వాళ్ల పేరున చేరింది. గిరిజన ప్రాంతాల కోసం ప్రత్యేక నిబంధనలూ 1940ల్లోనే వచ్చాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు కూర్చుని గిరిజనుల అర్జీలు వినే దర్బారు కూడా ఆ రోజుల్లో పుట్టిందే. నాగోబా మెస్రం వంశంవాళ్ల దేవుడు. పుష్యమాసం అమావాస్యకు జాతర. దర్బారు ఇప్పటికీ పెడుతున్నారు.

పట్టా ఇస్తే సరిపోతుందా, అందులో ఏముందో చదవాలిగా! చదవడం రాయడం వచ్చిన గోండులు అప్పుడు వేళ్ల మీద లెక్క. అందుకని 1943లో మార్లవాయిలోనే పంతుళ్లను తయారుచేసే కేంద్రం పెట్టారు. గోండి భాషలో మొదటి వాచకాలు తయారయ్యాయి, నాగరి లిపిలో. తెలుగు లిపిలో ఎందుకు రాయలేదని మనకు కాస్త చివుక్కుమనవచ్చు గానీ, ఆ కొండల్లో అప్పుడు కచేరీ వ్యవహారాలకు మరాఠీ వాడకం ఎక్కువ. బిడ్డ బడికి వెళ్లిన మొదటి రోజు తన తల్లి మాట్లాడే మాటే పుస్తకంలో చూడాలన్నది వాళ్ల పట్టుదల. ఇది ఇవాళ పెద్ద పెద్ద విద్యావేత్తలు చెబుతున్న మాట. ఆ కేంద్రంలో చదువుకున్నవాళ్లు పంతుళ్లయ్యారు, కొందరు సర్కారు కొలువుల్లో కుదిరారు.

ఈ పనులన్నిటిలో బెట్టీ వంతు ఎంత? ఇక్కడ నాకు కొంచెం కోపం వస్తుంది. పుస్తకాల అట్టల మీద పెద్ద అక్షరాల పేరు ఆయనది. ఆవిడ ప్రతి ప్రయాణంలో ఉంది, ప్రతి మకాములో ఉంది. మగ పరిశోధకుడు గోండు ఇంటి వసారా దాటి లోపలికి పోలేడు, ఆడమనిషి నేరుగా పొయ్యి దగ్గరికి పోయి కూర్చోగలదు. పెళ్లి, పురుడు, చావు, అత్తాకోడళ్ల తగవు, వీటి అసలు రూపం తెలిసేది పొయ్యి దగ్గరే కదా. దక్షిణాసియా ప్రజల మీద ప్రపంచంలో ఎక్కడెక్కడ ఎవరేం రాశారో వెతికి పట్టుకుని ఆవిడ తయారుచేసిన గ్రంథసూచి 1958, 1964, 1970లలో మూడు సంపుటాలుగా వచ్చింది. అవి పరిశోధకులు రోజూ తెరిచే పుస్తకాలు. ఇంట్లో ఉప్పు డబ్బాలాంటివన్నమాట, లేనప్పుడే గుర్తొస్తాయి. 1979లో ఆంధ్రప్రదేశ్ గోండుల మీద వచ్చిన పుస్తకంలో మాత్రం ఆవిడ సహకారం గురించి పేరుతో సహా అట్ట మీదే వేశారు.

సంస్థానం పోయాక దంపతులు లండను చేరారు. ఆయన అక్కడి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. నేపాలు వెళ్లారు, షేర్పాల మధ్య ఉన్నారు. ఆయన 1976లో ఉద్యోగ విరమణ చేశాక మళ్లీ ఆదిలాబాదు వచ్చి, పాత ఊళ్లన్నీ తిరిగి చూశారు.

చూసింది సంతోషించదగ్గది కాదు. పట్టాలు పంచిన భూములు చాలాచోట్ల చేతులు మారాయి. రోడ్లు పడ్డాయి. రోడ్డు వస్తే ఆసుపత్రికి పోవచ్చు, నిజమే. ఆ రోడ్డు మీదే భూమి కావలసినవాళ్లూ వచ్చారు. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకూడదని 1959లో ఆంధ్ర ప్రాంతానికి చేసిన నిబంధనను 1963లో తెలంగాణకూ వర్తింపజేశారు. 1970లో దాన్ని గట్టి చేస్తూ 1/70 చట్టం వచ్చింది. అయినా అప్పు కింద, సారా కింద, వేలిముద్ర కింద భూమి జారిపోతూనే ఉంది. ఆ సంగతులన్నీ హైమన్‌డార్ఫ్ 1982లో వచ్చిన పుస్తకంలో మొహమాటం లేకుండా రాశాడు. అంతకు ముందు ఏడాదే, 1981 ఏప్రిల్ 20న, భూమి హక్కుల కోసం ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. జోడేఘాట్ తరువాత నలభై ఏళ్లకు మళ్లీ అదే భూమి, అదే తుపాకి.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాదులో కన్నుమూసింది. తనను మార్లవాయిలో మట్టి చేయాలన్నది ఆవిడ కోరిక. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి వియన్నా, ఎక్కడి లండను! ప్రపంచంలో అన్ని చోట్ల కాపురం పెట్టిన మనిషి, ఆఖరికి నాది అని చెప్పుకున్నది ఆ మట్టి ఇల్లున్న ఊరిని. గోండులు తమ ఆచారం ప్రకారం సాగనంపారు. మన ఇళ్లలో అత్తవారి ఊరు, పుట్టిన ఊరు అని రెండు చెబుతాం. ఆవిడకు మార్లవాయి ఈ రెండూ కాదు. తానే ఎంచుకున్న ఊరు. అలాంటి ఊరు ఒకటి మనలో ఎంతమందికుంది?

హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో పోయాడు. కొడుకు నికోలస్, మా వైపు వాళ్లకు లచ్చుపటేల్, మార్లవాయి పటేల్ పేరే ఆ అబ్బాయికి పిలుపు పేరయింది. అతను 2012లో తండ్రి అస్థికలు తీసుకుని మార్లవాయి వచ్చాడు. తల్లి సమాధి పక్కనే తండ్రిదీ కట్టారు. పాతికేళ్లకు ఇద్దరూ మళ్లీ ఒకచోట చేరారు.

మార్లవాయి అంటే ఇప్పటివాళ్లకు ఇంకో పేరు కూడా తెలుసు. గుస్సాడీ నాట్యంతో 2021లో పద్మశ్రీ అందుకున్న కనక రాజు గారిది ఆ ఊరే. దీపావళి రోజుల్లో నెమలి పింఛాల టోపీలు పెట్టుకుని ఊరూరా ఆడే ఆట అది. ఆయన 2024లో కాలం చేశారు. మా మిల్లు సంగతీ చెప్పాలి, 2014లో మూతపడి 2018లో మళ్లీ తెరుచుకుంది. ఆ నాలుగేళ్లు మా ఊళ్లోనూ నిశ్శబ్దమే. సైరను వినపడని పొద్దు ఎలా ఉంటుందో కార్మికుల ఇళ్లలో ఆడవాళ్లనడగండి, ఎవరూ హాయిగా ఉందని చెప్పరు.

ఏటా జనవరి 11న మార్లవాయిలో వర్ధంతి జరుపుతారు. చుట్టుపక్కల గూడేల నుంచి జనం వస్తారు, అధికారులూ వస్తారు. సమాధుల మీద పూలు పెట్టి, గోండిలోనూ తెలుగులోనూ మాట్లాడతారు. మాటల్లో పోడు భూముల పట్టాల ప్రస్తావన వస్తుంది, పంతుళ్లు లేని బడుల ప్రస్తావన వస్తుంది. వెళ్లాలనుకుంటే ఆసిఫాబాద్‌లో పొద్దున్నే బయలుదేరండి. సంక్రాంతి ముందు రోజులు, ఘాటు మీద చలి గట్టిగా ఉంటుంది, శాలువా మరిచిపోకండి.